మూడు వేళ్లు ఆనిస్తే తెర జారిపోతోంది

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 57. ఇరవై రెండేళ్లుగా పుస్తకాలకు పేజీలు కట్టడం, ప్రూఫులు దిద్దడం ఆమె పని. మొదట్లో ప్రెస్సులో, విండోస్ మీద, అను అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లతో చేశారు. 2015లో యూనికోడ్‌కి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకి మారారు. 2021లో ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ కొనుక్కుని ఇంటి నుంచే చేసుకుంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు అప్పట్లోనే అమ్మ చేతికి అనువుగా అన్నీ అమర్చి ఇచ్చాడు. ఇంట్లో మౌసు వాడరు, పనంతా కీబోర్డు కిందున్న ట్రాక్‌ప్యాడ్ మీదే.

ఈ సంక్రాంతికి వచ్చిన కొడుకు, ఆ మ్యాక్ ఇంకా బిగ్ సర్ అనే పాత ఓఎస్ మీదే నడుస్తోందని చూశాడు. “దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి రెండేళ్లు దాటిందమ్మా” అన్నాడు. డిస్కులో జాగా కూడా లేదు. రెండు రోజులు కూర్చుని ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి, మొత్తం తుడిచేసి, కొత్త మ్యాక్ ఓఎస్ టాహో వేసి, ఫైళ్లు మళ్లీ దింపి, కనుమ వెళ్లాక బస్సెక్కాడు.

అక్కడి నుంచి ఆమె కష్టాలు మొదలయ్యాయి. పేజీ కిందికి పోవాలని వేళ్లు జరిపితే పైకి పోతోంది. వేలితో మెల్లగా తడితే క్లిక్ అయ్యేది కాస్తా ఇప్పుడు గట్టిగా నొక్కితేగానీ కావడం లేదు, కుడి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. అన్నిటికంటే పెద్ద బాధ, మూడు వేళ్లు ఆనించి పక్కకు లాగితే వాక్యం సెలెక్ట్ అయ్యేది, ఇప్పుడు తెర మొత్తం పక్కకు జారిపోయి ఇంకేదో కనిపిస్తోంది. అవే మూడు వేళ్లు కాస్త పైకి పోతే కిటికీలన్నీ చిన్నచిన్న బిళ్లలైపోతున్నాయి. బొటనవేలితో కలిపి నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చితే వచ్చే, ప్రోగ్రాములన్నీ తెర మీద పరిచే లాంచ్‌ప్యాడ్, అందులో ‘పుస్తకాలు’, ‘ఫాంట్లు’, ‘ఇంటివి’ అని ఐదేళ్లుగా సర్దుకున్న గళ్లు, ఏవీ లేవు.

ఒక కవితా సంపుటి ప్రూఫు నాలుగు రోజులు ఆలస్యమైంది. కవిగారు నొచ్చుకున్నారు. భర్త “వయసు మీద పడుతోంది, ఇక చాలించరాదూ” అన్నారు. కొడుకు ఫోన్ చేస్తే “బాగుంది నాన్నా, ఫాస్టుగా ఉంది” అని చెబుతున్నారు. రెండు రోజులు సెలవు దాని మీదే ఖర్చుపెట్టాడు కదా, ఎలా చెప్పను అంటున్నారు. ఉత్తరంలో ఒక చోట ఇలా రాశారు: “ఎటు తోయాలో తెలుసండీ. తెలిసే తప్పు తోస్తున్నాను. మూడు వారాలైంది. నా బుర్రకేమైనా అవుతోందా? పాతది మళ్లీ వేయించుకోనా, విండోస్ లాప్‌టాప్ కొనుక్కోనా, అసలు ఈ పని మానేయనా?”

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందుల్ని ముందు విడదీద్దాం, ఎందుకంటే మీరు నాలుగింటినీ ఒకే మూటలో కట్టి ‘కొత్త ఓఎస్ వచ్చింది, నా వల్ల కావడం లేదు’ అని మోస్తున్నారు. ఆ మూట అంత బరువైనది కాదు.

ఈ నాలుగింటిలో కొత్త ఓఎస్ నిజంగా మార్చింది ఒక్కటే, లాంచ్‌ప్యాడ్. 2025 సెప్టెంబరులో వచ్చిన టాహోలో దాన్ని తీసేసి, ఆ స్థానంలో ‘యాప్స్’ అని వేరే అమరిక పెట్టారు. మిగతా మూడూ, అంటే స్క్రోలు దిశ, తడితే క్లిక్ కావడం, మూడు వేళ్లతో లాగడం, టాహోలోనూ ఉన్నాయి. పోయింది మీ అమరిక. మ్యాక్‌ని తుడిచి ఏ ఓఎస్ వేసినా అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి అమరికతోనే లేస్తుంది. ఆ అమరికలో స్క్రోలు కొత్త పద్ధతిలో ఉంటుంది, తడితే క్లిక్ కాదు, మూడు వేళ్ల లాగుడు ఉండదు. మీ అబ్బాయి 2021లో ఈ మూడింటినీ మీ కోసం మార్చాడు. ఐదేళ్ల కిందటి సంగతి, ఈసారి ఆయనకు గుర్తు రాలేదు. మీకైతే అవి మార్చినవని కూడా తెలియదు, మ్యాక్ అంటేనే అలా ఉంటుందనుకున్నారు. ఇద్దరి తప్పూ లేదు.

ఇది తెలిశాక మీ మొదటి ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. పాత బిగ్ సర్ మళ్లీ వేయించుకున్నా ఈ మూడు ఇబ్బందులూ ఇలాగే ఉంటాయి. అదీ ఫ్యాక్టరీ అమరికతోనే లేస్తుంది కాబట్టి. లాంచ్‌ప్యాడ్ తిరిగొస్తుందిగానీ మీరు సర్దుకున్న గళ్లు రావు. పైగా మళ్లీ మొత్తం తుడవాలి, ఈ మూడు వారాల్లో కట్టిన పేజీలు జాగ్రత్త చేసుకోవాలి. బిగ్ సర్‌కి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ 2023 సెప్టెంబరులో వచ్చింది, ఆ విషయంలో మీ అబ్బాయి చెప్పింది నిజమే. రచయితల ఫైళ్లు రోజూ ఈమెయిల్లో తెరిచే మీలాంటి వారు పాతదాని మీద ఉండటం నాకూ ఇష్టం లేదు.

విండోస్ లాప్‌టాప్ కొంటే? ప్రెస్సులో వాడారు కనుక పరిచయమే అనుకుంటున్నారు, కానీ మీకు పరిచయమైంది మౌసుతో విండోస్. విండోస్ 11 టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లు పక్కకు జరిపితే తెరిచి ఉన్న ప్రోగ్రాముల మధ్య తిరుగుతుంది, పైకి జరిపితే కిటికీలన్నీ పరుస్తుంది. ఇప్పుడు మీకు జరుగుతున్నదే దాదాపుగా అక్కడా జరుగుతుంది. మూడు వేళ్లతో లాగి సెలెక్ట్ చేసే సౌకర్యం విండోస్‌లో సొంతంగా లేదు. పైగా ఫాంట్లు, కట్టిన పేజీలు అన్నీ అటు తరలించి ఎక్కడెక్కడ వరస చెదిరిందో చూసుకోవాలి. డబ్బు పోసి ఇదే కష్టాన్ని ఇంకో పేరుతో తెచ్చుకోవడం అవుతుంది.

ఇక బుర్ర సంగతి. మీరు భయపడింది దీనికే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. “ఎటు తోయాలో తెలుసు, తెలిసే తప్పు తోస్తున్నాను” అని రాశారు చూడండి, ఆ వాక్యమే మీకు ధైర్యం చెప్పాలి. బుర్రలో సంగతి చెక్కుచెదరలేదు. తప్పుతున్నది చెయ్యి. సైకిలు తొక్కడం, పిండి కలపడం, టైపు కొట్టడం లాంటి పనులు వేల సార్లు చేశాక ఆలోచనతో నిమిత్తం లేకుండా సాగిపోతాయి. అలా సాగిపోవడం వల్లే మీరు కవిత చదువుతూ, ఒత్తు తప్పిందా అరసున్న మిగిలిందా అని చూస్తూ, వేళ్ల సంగతే మరచిపోయి పేజీ తిప్పగలుగుతున్నారు. ఆ వేళ్లకి ఈ రోజు నుంచి ఇటు కాదు అటు అని మనసులో చెప్పుకుంటే సరిపోదు, వాటికి మాట వినపడదు. మళ్లీ మళ్లీ చేస్తేనే తెలుస్తుంది. పాత అలవాటు ఎంత లోతుగా దిగితే కొత్తదానికి అంత అడ్డుపడుతుంది. ఐదేళ్లు, రోజుకి ఆరేడు గంటలు, ఒకే తీరుగా చేసిన చెయ్యి మీది. మీరు దిట్ట కాబట్టే ఇంత తడబాటు. ఎప్పుడో ఒకసారి లాప్‌టాప్ తెరిచే మనిషైతే రెండు రోజుల్లో సర్దుకుపోయేవారు, ఎందుకంటే పోగొట్టుకోవడానికి వాళ్ల దగ్గర అలవాటే లేదు.

వయసుకి సంబంధమే లేదని మాత్రం చెప్పను. పాతికేళ్లప్పటి కంటే ఈ వయసులో చేతికి కొత్త అలవాటు పట్టడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కానీ పడుతుంది. అను నుంచి ఇన్‌స్క్రిప్ట్‌కి మారినప్పుడు మూడు నెలలు పట్టిందని మీరే రాశారు. అచ్చులు దాదాపుగా ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉండే, అక్షరాల చోట్లు మారిపోయిన కీబోర్డు అది. ఆ ఈడు డీటీపీ వాళ్లలో దాన్ని చూసి చేతులెత్తేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మీరు దాటారు. అప్పటికే మీకు 46 ఏళ్లు. ఇప్పుడు మారింది నాలుగు కదలికలు. మూడు వారాలకే మిమ్మల్ని మీరు ఇంతగా అనుమానించుకోవడం నాకు బాధగా ఉంది.

ఒకటి గమనించండి. తొందరలో ఉన్నప్పుడు చెయ్యి పాత దారే పడుతుంది. కవిగారి ప్రూఫుకి గడువు దగ్గరపడుతున్నకొద్దీ తప్పులు పెరిగాయంటే కారణం అదే. మనుషుల పేర్లు గుర్తు రాకపోవడం, చేసిన పనే మళ్లీ చేయడం లాంటివి మీ ఉత్తరంలో ఎక్కడా లేవు. ఉంటే వేరేగా మాట్లాడేవాణ్ని.

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం.

తడితే క్లిక్ కావడం ఈ రోజే తిరిగి పెట్టేసుకోండి. మూలన ఉన్న ఆపిల్ గుర్తు మీద నొక్కి సిస్టమ్ సెట్టింగ్స్, అందులో ఎడమ వైపు వరసలో కింద ట్రాక్‌ప్యాడ్. ‘పాయింట్ అండ్ క్లిక్’ అన్న చోట ‘ట్యాప్ టు క్లిక్’ మీటను వేయండి. అక్కడే ‘క్లిక్’ ఎదురుగా లైట్, మీడియం, ఫర్మ్ అని ఉంటాయి, లైట్ పెట్టండి. దీనికి వెనకాముందూ ఆలోచించాల్సింది లేదు, బొటనవేలు నొప్పెడుతోంది కాబట్టి. ఇది మార్చాక కూడా రెండు వారాల్లో నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. చేతి మీద బతికే మనిషి చేతి నొప్పిని పండగ దాకా, పుస్తకం అయ్యేదాకా అంటూ వాయిదా వేయకూడదు.

మూడు వేళ్ల లాగుడు ట్రాక్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు. మీరు వెతికి, లేదనుకుని వదిలేసి ఉంటారు. దాదాపు 2015 నుంచి దాన్ని వేరే చోటికి మార్చారు. సిస్టమ్ సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీ, అందులో పాయింటర్ కంట్రోల్, అందులో ట్రాక్‌ప్యాడ్ ఆప్షన్స్. అక్కడ ‘యూజ్ ట్రాక్‌ప్యాడ్ ఫర్ డ్రాగింగ్’ వేసి, కిందనే ‘డ్రాగింగ్ స్టైల్’లో ‘త్రీ ఫింగర్ డ్రాగ్’ ఎంచుకోండి. యాక్సెసిబిలిటీ అనే మాట చూసి, ఇది ఒంట్లో బాగాలేనివాళ్ల కోసమేమో అని వెనక్కి తగ్గకండి. పేజీలు కట్టేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు ఎందరో అక్కడికి వెళ్లి దీన్ని పెట్టుకుంటారు.

దీనికో ఫలితం ఉంది, ముందే తెలుసుకుని పెట్టుకోండి. మూడు వేళ్లు లాగడానికి పోతే, తెరలు మారడం, కిటికీలు పరుచుకోవడం నాలుగు వేళ్లకు వెళ్లిపోతాయి. మీకు అదే మేలు, పాత అమరికలోనూ అలాగే ఉండి ఉంటుంది. కానీ ప్రెస్సులోనో ఇంకెవరింట్లోనో వేరే మ్యాక్ ముందు కూర్చుంటే అక్కడ మూడు వేళ్లకి తెర జారుతుంది, కంగారుపడకండి. ఇంకొకటి, వేళ్లు ఎత్తాక కూడా లాగుడు ఒక్క క్షణం నిలిచి ఉంటుంది. వేళ్లు తీసి మళ్లీ పెట్టి పొడవైన పేరాను లాగడానికి వీలుగా అలా చేశారు. ఐదేళ్లు వాడారు కాబట్టి మీ చేతికి తెలిసే ఉంటుంది.

ఈ లాగుడు వద్దు, కొత్తదే నేర్చుకుంటాను అనుకుంటే, ఒక వేలితో నొక్కిపట్టి ఇంకో వేలితో జరపడం, లేదా వాక్యం మొదట్లో క్లిక్ చేసి షిఫ్ట్ పట్టుకుని చివర క్లిక్ చేయడం ఉన్నాయి. రెండోది ప్రూఫుకి మంచి పద్ధతే. కానీ మొదటిదానికి బొటనవేలు మళ్లీ పనిచేయాలి. మీ నొప్పి తెలిసి నేను ఆ దారి చెప్పను.

అసలు చిక్కు స్క్రోలు దగ్గరే ఉంది. ఇక్కడ పాతదే పెట్టుకోండి అని సులువుగా చెప్పలేను. ఎందుకో చెబుతాను.

2011 జూలైలో మ్యాక్ ఓఎస్ లయన్ వచ్చినప్పుడు ఈ దిశ మొదటిసారి తిరగబడింది. అంతకుముందు మనం జరిపేది పక్కనున్న స్క్రోలు పట్టీని. పట్టీ కిందికి పోతే కాగితం పైకి పోయేది. లయన్ నుంచి మనం జరిపేది కాగితాన్నే. బల్ల మీది కాగితం మీద వేళ్లు పెట్టి పైకి తోస్తే అది పైకే పోతుంది, కింది భాగం కనిపిస్తుంది. ఫోన్ తెర మీద చేసేది ఇదే. దానికి నేచురల్ స్క్రోలింగ్ అని పేరు పెట్టారు. నాకు ఆ రోజులు బాగా గుర్తు. పది రోజుల దాకా ప్రతి పేజీ దగ్గరా చెయ్యి ఆగేది. పట్టీని మరచిపోయి, నా చేతిలో ఉన్నది కాగితం అని అనుకోవడం మొదలుపెట్టాకే కుదురుకుంది. మీరూ ఫోన్‌లో ఒక్కసారి కూడా తప్పు తోయరు, గమనించారా? అంటే ఈ దిశ మీ చేతికి రాని విద్య కాదు. ఫోన్ పట్టుకుంటే ఒక తీరు, ప్రెస్సులో మౌసు చక్రం తిప్పితే ఇంకో తీరు, ఏ పనిముట్టు పట్టుకుంటే దాని తీరులోకి చెయ్యి పోగలదు. ఒకే పనిముట్టు ఇవాళ ఇటు, రేపు అటు అయితేనే దానికి దిక్కు తోచదు.

ఇప్పటికి మూడు వారాలు కొత్త దిశలో పనిచేశారు. ఎంతో కొంత చేతికి ఎక్కే ఉంటుంది. పాతదానికి మారిస్తే ఈ మూడు వారాల కష్టం వృథా అవుతుంది, పైగా కొద్దిరోజులు అటు కూడా తప్పుతారు. మార్చకపోతే ఇంకొన్ని వారాలు నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి ఊహించి నిర్ణయించకండి. రేపు పొద్దున, తొందరలేని ఒక ప్రూఫు తీసుకుని గంటసేపు మామూలుగా పనిచేయండి. పక్కన కాగితం పెట్టుకుని, తప్పు దిశలో తోసినప్పుడల్లా ఒక గీత గీయండి. వారం ఆగి మళ్లీ ఇలాగే ఒక గంట. గీతలు సగానికి పడిపోతే కొత్తదానితోనే ఉండండి, మరో నెలలో మరచిపోతారు. గీతలు అలాగే ఉంటే, గడువులు మీదకొస్తుంటే, ఏ మొహమాటమూ లేకుండా పాతదానికి తిప్పేయండి. సెట్టింగ్ ట్రాక్‌ప్యాడ్‌లోనే, ‘స్క్రోల్ అండ్ జూమ్’ కింద ఉంటుంది. ఏదో ఒకటి ఖాయం చేసుకున్నాక మాత్రం మళ్లీ మార్చకండి. కోపం వచ్చినప్పుడల్లా అటూ ఇటూ తిప్పడమే అన్నిటికంటే చెడ్డది.

మౌసు కొనుక్కుంటే ఎలా ఉంటుంది అనే ఆలోచన రావచ్చు. మంచిదే, బొటనవేలికి విశ్రాంతి కూడా. కానీ మ్యాక్‌లో మౌసు చక్రానికీ ట్రాక్‌ప్యాడ్‌కీ దిశ మీట ఒక్కటే. ఒకదాంట్లో మారిస్తే రెండోదీ మారుతుంది. మౌసు ప్రెస్సులోలా తిరగాలి, ట్రాక్‌ప్యాడ్ ఫోన్‌లా ఉండాలి అంటే స్క్రోల్ రివర్సర్ లాంటి ఉచిత ప్రోగ్రాము వేయించుకోవాలి. మీ అబ్బాయికి అది ఐదు నిమిషాల పని.

లాంచ్‌ప్యాడ్ పోయినందుకు నాకూ కాస్త చివుక్కుమంది, నా స్నేహితులు చాలామంది దాన్ని మీలాగే ఇంటి అలమరలా సర్దుకున్నారు. తిరిగి రాదు. కానీ అలమర మళ్లీ కట్టుకోవచ్చు. డాక్యుమెంట్స్‌లో ‘పుస్తకాలు’ అని ఒక ఫోల్డరు చేసి, మీరు వాడే ప్రోగ్రాముల ఏలియస్‌లు, అంటే వాటిని తెరిచే నకలు గుర్తులు, అందులో వేసి, ఆ ఫోల్డరుని డాక్‌లో, అంటే తెర అడుగునుండే ప్రోగ్రాముల వరసలో, కుడి చివరకు లాగిపెట్టండి. దాని మీద కుడి క్లిక్ చేసి గ్రిడ్ ఎంచుకుంటే, నొక్కగానే గళ్లుగా విప్పుకుంటుంది. ‘ఫాంట్లు’, ‘ఇంటివి’ కూడా అలాగే. లేదంటే కమాండ్, స్పేస్ కలిపి నొక్కి ప్రోగ్రాము పేరులో రెండక్షరాలు కొడితే చాలు. టైపు చేతి విద్యగా ఉన్న మీకు ఇదే ముందు అలవాటవుతుందని నా నమ్మకం.

మీ అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు ఇదే మ్యాక్ వాడతాడని, మీ అమరిక అతనికి నచ్చదని ఒక మాట రాశారు. ఈ సెట్టింగ్‌లన్నీ యూజర్ అకౌంటుకి కట్టుబడి ఉంటాయి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘యూజర్స్ అండ్ గ్రూప్స్’లోకి వెళ్లి అతని పేరుతో వేరే అకౌంటు తెరవమనండి. అతని వేళ్లకి అతని తీరు, మీ వేళ్లకి మీ తీరు.

పని మానడం గురించి నేను చెప్పదగింది ఒక్కటే. ఈ నెల అలిసిపోయి ఉన్నారు, ఈ నిర్ణయం ఈ నెల తీసుకోకండి. కవిగారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేయండి, కంప్యూటరు మార్చాం, చెయ్యి కుదురుకోవడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది, తర్వాతి విడత పేజీలకు గడువు కాస్త ఎక్కువ ఇవ్వండి అని. తమ పుస్తకంలో తప్పులు రాకూడదని పట్టుదల ఉన్న మనిషికి ఆ మాట అర్థమవుతుంది. మీవారు ‘చాలించరాదూ’ అన్నది మీ బాధ చూడలేక అని ఉండొచ్చు, ఈ ఉత్తరం ఆయన్నీ చదవమనండి.

ఇక మీ అబ్బాయి. మీరు చెప్పకపోవడం వల్ల అతను ఇంకా తన పని చక్కగా అయిందనే అనుకుంటున్నాడు. చేసింది మీ మంచి కోసమే, అందులో ఒక మెట్టు మిగిలిపోయింది, అంతే. ఫిర్యాదులా చెప్పాల్సిన అవసరం లేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు రెండు విషయాలు అడగండి. “నాన్నా, 2021లో నాకు పెట్టిచ్చిన మూడు వేళ్ల లాగుడు మళ్లీ పెట్టాలి, వీడియో కాల్‌లో కాస్త పక్కన ఉండు.” రెండోది, ఆ బయటి హార్డ్ డిస్కులో ఉన్నది ఉత్త ఫైళ్ల కాపీనా, అమరికలతో సహా మొత్తం దాచే టైమ్ మెషీన్ బ్యాకప్పా అని. టైమ్ మెషీన్ అయితే, మీరు ఇంకా గమనించని పాత అమరికలు కూడా అందులో ఉండే అవకాశం ఉంది. అందుకే ఆ సంగతి తేలేదాకా ఆ డిస్కుని ఎవరికీ ఇవ్వకండి, అందులో ఇంకేమీ ఎక్కించకండి.